కొట్టే కత్తులున్న ఊళ్ళో కోసే కత్తి

కల్లూరు చుట్టుపక్కల ఏ రైతింట్లో చూసినా ఇనుప సామానుకు కొదవ ఉండదు. చూరులో కొడవళ్ళు, గోడ వారగా గొడ్డలి, కొట్టంలో మచ్చుకత్తి, వంటింట్లో కత్తిపీట. అయినా ఎరువు బస్తా కుట్టు విప్పాలన్నా, డ్రిప్పు పైపు సాపుగా తెగ్గోయాలన్నా, నైలాను తాడు తెంపాలన్నా ఇల్లంతా సగం బ్లేడు కోసం వెతుకుతారు. దొరక్కపోతే పళ్ళే దిక్కు. ఎందుకంటే ఇంట్లో ఉన్నవి దాదాపు అన్నీ కొట్టే కత్తులు. పదునుగా కోసేది కత్తిపీట ఒక్కటే. అది కదలదు, మనిషే దాని ముందు కూర్చోవాలి. నడుముకు కట్టుకుని చేనుకు పట్టుకుపోగల చిన్న, సన్న, మడత లేని పని కత్తి మాత్రం ఉండదు. పట్నం కుర్రాళ్ళు ట్రెక్కింగు కోసం ఇలాంటివి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం మొదలయ్యాక ఇదేదో షోకు వస్తువన్న పేరు పడింది. నన్నడిగితే దీని అవసరం వాళ్ళకన్నా రైతుకే ఎక్కువ.

ఈ లోటు ఎక్కడ నుంచి వచ్చిందో ఊరి నైసర్గిక స్థితి చూస్తేనే తెలుస్తుంది. ఒకవైపు సాగర్ ఎడమ కాలువ నీళ్ళు, వరి, చెరకు, పెరువంచ చక్కెర మిల్లు. ఇంకోవైపు కనకగిరి గుట్టలు, వాటి వెనక చండ్రుగొండ, కొత్తగూడెం దాటి భద్రాచలం దాకా అడవి. చెరకు నరకాలి, కంప కొట్టాలి, వెదురు దించాలి, మామిడి తోటలో ఎండుకొమ్మ తీయాలి. సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటలు పెరిగాక లేత చెట్టు గెలకు ఉలి, ఎదిగిన చెట్టుకు పొడుగాటి గొట్టానికి బిగించిన కొడవలి వచ్చాయి. వీటిలో చాలామటుకు బరువుతోనో ఊపుతోనో తెగే పనులు. అలాంటి పనికి కత్తి మందంగా ఉండాలి, రాయి తగిలినా పెచ్చు లేవకూడదు. మన కమ్మరులు తరాలుగా దానికే చెయ్యి తిప్పారు. వాళ్ళ కత్తి టమాటా కొయ్యదని తప్పు పట్టడం న్యాయం కాదు.

అలాగని సన్నపదును తెలిసినవాళ్ళు ఈ ప్రాంతంలో లేరని కాదు. గీత కార్మికుడి కత్తి చూడండి. తాటి గెల చివర రోజూ కాగితం మందాన చెక్కాలి. ఏమాత్రం మొద్దుగా ఉన్నా గెల నలుగుతుంది, కల్లు తగ్గుతుంది. అందుకే మోకు ముత్తాదుతో సమానంగా కత్తి నూరే కర్రనూ చూసుకుంటాడు. బుట్టలల్లే మేదరి వెదురు బద్దను చీల్చి, మళ్ళీ చీల్చి, రిబ్బనులాగా చేస్తాడు. మామిడి అంట్లు కట్టేవాడి చాకు కొమ్మను ఒక్క లాగుడులో ఏటవాలుగా కొయ్యాలి, లేకపోతే అంటు అతకదు. ఈ ముగ్గురిలో ఉమ్మడి గుణం ఒకటుంది. కత్తి ఎంత ఖరీదన్నది వాళ్ళు పట్టించుకోరు, దాన్ని రోజూ నూరుకుంటారు. మంచి కత్తి కొనాలనుకునే కొత్తవాళ్ళు ముందు గమనించవలసింది ఇదే. ఇంతకీ వీళ్ళ కత్తులు వీళ్ళ వృత్తికే. మిగతా జనానికి పనికొచ్చే రకం వేరు.

ఆ రకం ఏమిటి? అలుగు నాలుగు అంగుళాలు, అటూ ఇటూ అర అంగుళం. వీపు దగ్గర మందం రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు. ఒకే వైపు పదును, వీపు తిన్నగా, మొన మరీ సూదిలా కాకుండా. పిడి నాలుగు వేళ్ళూ నిండుగా పట్టేంత. వీపు మీద రంపం పళ్ళు, పిడిలో దిక్సూచి, నల్లరంగు పూత ఉన్నవాటిని దూరం పెట్టండి. 1982లో ‘ఫస్ట్ బ్లడ్’ సినిమాలో రాంబో చేతికి వచ్చిన బోలు పిడి కత్తి ప్రపంచమంతా ఒక మోజు లేపింది. సినిమా కత్తిని చేయి తిరిగిన పనివాడు చేశాడు. దాని పోలికతో బజారుకు వచ్చిన చవక సరుకులో అలుగు పిడితో కలిసేచోటే బలహీనం, ఒక్క వెదురు కణుపు మీద గట్టిగా మోపితే రెండు ముక్కలవుతుంది. ఇప్పటికీ ‘సర్వైవల్ కత్తి’ పేరుతో అమ్ముతూనే ఉన్నారు.

పొడవు విషయంలో చట్టం కూడా ఉంది. ఆయుధాల చట్టం 1959లోది, దాని కింద ఇప్పుడు అమల్లో ఉన్న నియమాలు 2016వి. అలుగు తొమ్మిది అంగుళాలకు మించి పొడవున్నా, రెండు అంగుళాలకు మించి వెడల్పున్నా కత్తి ఆయుధాల లెక్కలోకి వస్తుంది. ఇంటి పనికీ, వ్యవసాయానికీ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకూ తయారైనవాటికి మినహాయింపు ఉంది. నాలుగు అంగుళాల కత్తి ఆ కొలతలకు దరిదాపుల్లో లేదు. అయినా ఎన్నికల సభకో జాతరకో నడుముకు కట్టుకుని వెళ్ళి ‘వ్యవసాయ పనిముట్టు సార్’ అంటే ఏ కానిస్టేబులూ వినడు, వినాలని కోరుకోవడమూ తగదు. అడవి సంగతి ఇంకా కచ్చితం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం ఆయుధంతో అభయారణ్యంలోకి వెళ్ళాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి కావాలి. ఆయుధం అనే మాటకు ఆ చట్టం ఇచ్చిన అర్థంలో కత్తులూ ఉన్నాయి. కిన్నెరసాని అభయారణ్యం చూడబోయే కుర్రాళ్ళు కొత్త కత్తిని ఇంట్లో వదిలి వెళ్ళడం మేలు.

ఇక ఉక్కు. కొనేవాళ్ళు ఎక్కువ తలబద్దలు కొట్టుకునేది ఇక్కడే. ఇంత అవసరం లేదన్నది నా అభిప్రాయం, కానీ కొంత తెలియాలి. ఇనుములో కార్బన్ పాళ్ళను బట్టి అది గట్టిపడుతుందా లేదా అన్నది తేలుతుంది. మేకులు, గేట్లు చేసే మెత్తని ఇనుములో పావు శాతం లోపే ఉంటుంది, దాన్ని ఎంత కాల్చి ముంచినా కత్తి కాదు. లారీ కమాను పట్టీలో అర శాతం పైన, దాదాపు 0.6 దాకా ఉంటుంది. బేరింగు ఉక్కులో ఒక శాతం, పాత ఆకురాయిలో ఇంకొంచెం ఎక్కువ. ఆన్‌లైన్ కత్తుల మీద కనిపించే డీ2 అన్న ఉక్కులో ఒకటిన్నర శాతం కార్బన్, పన్నెండు శాతం దాకా క్రోమియం. అది పదును చాలాకాలం నిలుపుతుంది. తీరా మొద్దుబారాక మామూలు రాయి మీద నూరబోతే చేతులు పడిపోతాయి. మొదటి కత్తికి అది వద్దు.

మన కమ్మరి కొలిమిలో మంచి ఉక్కు అంటే కమాను పట్టీయే. వానాకాలం ముందు రోడ్డు వారన కొలుములు రాజుకున్నప్పుడు కాసేపు నిలబడి చూస్తే చదువుకోని లోహశాస్త్రం కళ్ళ ముందే జరుగుతుంది. పట్టీని నిలువునా కోసి, కాల్చి, సమ్మెటతో సాగదీసి రూపం తెస్తారు. తరువాత అంచును చెర్రీ ఎరుపు దాటేదాకా, అంటే సుమారు 800 డిగ్రీలకు కాలుస్తారు. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఆ గుర్తు దాటి కొంచెం వేడెక్కితే సమయం వచ్చినట్టే. అనుభవం ఉన్నవాడికి అయస్కాంతం అక్కర్లేదు, నీడలో రంగు చూస్తే చాలు. అంచు వరకే నీళ్ళలో ముంచి తీస్తారు. వీపులో ఇంకా వేడి ఉంటుంది. అంచును రాయి మీద గబగబా రుద్ది తెల్లగా చేసి, కళ్ళార్పకుండా చూస్తారు. వీపులోని వేడి మెల్లగా అంచువైపు దిగుతుంటే ఆ తెల్లదనం మీద ఎండుగడ్డి రంగు, దాని వెనక గోధుమ, ఊదా, నీలం రంగులు వరుసగా నడిచి వస్తాయి. గడ్డిరంగు అంచుకు చేరినప్పుడు మళ్ళీ ముంచితే గట్టి కత్తి. నీలం చేరేదాకా ఆగితే మెత్తనిది, వంగుతుంది గాని విరగదు. మన దగ్గర నీలం వైపే మొగ్గుతారు. గడ్డిరంగు దగ్గర ఆపమని ఒక కొలిమి దగ్గర అడిగితే వచ్చిన జవాబు ఇది: “గట్టిగ పెడితే పెచ్చులూడతది సారూ. ఇరిగినంక మీరే నన్ను తిడతరు. మెత్తగుంటే నూరుకోవచ్చుగా.” కొట్టే కత్తికి ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. కోసే కత్తికి కాదు.

కాబట్టి ఊళ్ళోనే చేయించుకునేవాళ్ళు ‘కత్తి కావాలి’ అని ఊరుకుంటే కుదరదు. కొలత గీసి ఇవ్వాలి. వీపు మూడు మిల్లీమీటర్లకు మించొద్దని, అంచు వెనక బాగా సన్నగా గ్రైండరు పట్టించమని, ముంచేది నీళ్ళలో కాకుండా గోరువెచ్చని నూనెలో అని చెప్పాలి. కమాను ఉక్కు సన్నగా ఉన్నప్పుడు నీళ్ళలో ముంచితే వెంట్రుకవాసి పగుళ్ళు వచ్చే ప్రమాదం ఉంది. గ్రైండరు పట్టేటప్పుడు అంచు నీలంరంగు తిరిగితే అక్కడ గట్టిదనం పోయినట్టే. మాటిమాటికీ నీళ్ళలో ముంచుతూ పట్టాలి. పట్టీ పాతదైతే దానిలో కంటికి కనపడని చీలికలుంటాయి, వీలైతే వాడని ముక్క చూసుకోవాలి. ఇంత చెబితే కొందరు కమ్మరులు విసుక్కుంటారు, కొందరికి సరదా పుడుతుంది. ఆ రెండోరకం మనిషి దొరికితే ఫ్యాక్టరీ కత్తి అక్కర్లేదు.

ఫ్యాక్టరీ కత్తుల్లో మొదటిసారి కొనేవాళ్ళకు ప్రపంచమంతా చెప్పే పేరు స్వీడన్ దేశపు మోరా. మోరా ఊళ్ళో 1891లో మొదలైన కత్తుల పని అది. వాళ్ళ కంపానియన్ రకం అలుగు సుమారు నాలుగు అంగుళాలు, మందం రెండున్నర మిల్లీమీటర్లు, ప్లాస్టిక్ ఒర, రబ్బరు తొడిగిన పిడి. బరువు జేబులో సెల్‌ఫోను కన్నా తక్కువ. తుప్పు పట్టని రకంలో కార్బన్ 0.6 శాతం, క్రోమియం పదమూడున్నర శాతం. చూడటానికి తాపీమేస్త్రి దగ్గర ఉండే సాదా పనిముట్టులా ఉంటుంది. అక్కడ నిజంగానే వడ్రంగులూ, ఎలక్ట్రీషియన్లూ వాడే సరుకు. దాని గొప్పంతా అంచు తీరులో ఉంది. అలుగు మధ్య నుంచి అంచుదాకా ఒకే చదును వాలు. వేపపుల్ల మీద ఆనిస్తే ఆ వాలే చేతిని నడిపిస్తుంది, చెక్కపొట్టు చుట్టలు చుట్టలుగా లేస్తుంది. పామాయిల్ తోటలో డ్రిప్పు పైపు, తాడు, బస్తా, కోకో కాయ ఏదైనా ఒక్క లాగుడే. అయితే గట్టి తుమ్మ కణుపు మీదో, ఎండిన వెదురు గణుపు మీదో పక్కకు తిప్పితే అంచు ముడుచుకుంటుంది. పిడిలోని ఇనుప తోక చివరిదాకా పోదు, కాబట్టి వీపు మీద కర్రతో బాది కట్టెలు చీల్చడం దాని పని కాదు. ఆ పనికి ఇంట్లో మచ్చుకత్తి ఉండనే ఉంది.

‘డమాస్కస్’ పేరుతో అలల గీతలున్న కత్తులు చూపించి ఎక్కువ ధర చెప్పేవాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే అందులో మన పరువూ కలిసి ఉంది. పాతకాలపు డమాస్కస్ కత్తుల అలలు మూసలో కరిగించి పోసిన ఉక్కు ముద్ద లోపలి నుంచి వచ్చినవి. ఆ ముద్దలు తయారైన చోట్లలో నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఒకటి. 1820ల్లో హైదరాబాదు రాజ్యంలో భూగర్భ పరిశీలన చేసిన హెన్రీ వాయిసీ అక్కడి పని చూసి రాశాడు, ఆ వ్యాసం 1832లో అచ్చయింది. ఇస్ఫహాను నుంచి ఒక పర్షియా వర్తకుడు అంత దూరం వచ్చి, పక్కన కూర్చుని తూకం వేయించుకుని ఉక్కు కొనుక్కుపోయేవాడని ఆయన సాక్ష్యం. సేలం వైపు అదే పనికి మూసలో తంగేడు పుల్ల, జిల్లేడు ఆకు పెట్టేవారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికే గీతల కత్తి ఆ ఉక్కు కాదు. రెండు రకాల ఉక్కు పట్టీలను కలిపి అతికి, మడిచి, ఆమ్లంలో ముంచి గీతలు తేల్చింది. కొన్నిట్లో గీతలు పైపూతే. మంచి పనివాడు చేస్తే అదీ మంచి కత్తే, కానీ గీతలకు ఇచ్చే డబ్బు కోతకు ఉపయోగపడదు. కోనసముద్రం పేరు చెప్పుకుని మురిసిపోవడానికి పాకిస్తాన్‌లోనో చైనాలోనో అచ్చువేసిన కత్తి కొనక్కర్లేదు కదా.

తుప్పు పట్టని ఉక్కా, మామూలు కార్బన్ ఉక్కా? నిపుణుల మధ్య తెగని వాదం ఇది. మామిడి, నిమ్మ, చింత ఉన్న ఊళ్ళో నా మొగ్గు మొదటిదాని వైపు. కార్బన్ ఉక్కు పచ్చి మామిడి కోసిన కాసేపటికే నల్లబడుతుంది, ముక్కకు ఇనుప రుచి అంటుతుంది. ఆ నలుపు నిలకడగా పడితే తుప్పును కొంత ఆపుతుంది కూడా. కొందరు కొత్త కత్తిని కావాలనే పచ్చి మామిడికాయలో గుచ్చి ఉంచుతారు. కానీ నాట్ల రోజుల్లో చెమట, బురద, వాన కలిసినప్పుడు ఒక్క రాత్రి తుడవకపోతే ఎర్రమచ్చలు ఖాయం. పని అయ్యాక తుడిచి కొబ్బరినూనె చుక్క రాసే ఓపిక ఉన్నవాళ్ళు కార్బన్ ఉక్కు కొనండి, నూరడం తేలిక, పదును ముచ్చటగా వస్తుంది. మిగతావాళ్ళకు తుప్పు పట్టనిదే నయం. ‘పట్టనిది’ అన్నా ఉప్పునీళ్ళలో నానబెడితే అదీ పడుతుంది.

ఒర గురించి కొత్తవాళ్ళు ఆలోచించరు. తోలు ఒర అందంగా ఉంటుంది, వానాకాలం తేమ పీల్చుకుని కత్తిని లోపలే తినేస్తుంది. అడుగున నీళ్ళు కారే చిల్లు ఉన్న ప్లాస్టిక్ ఒర మనకు సరిపడుతుంది. తలకిందులు చేసి ఊపినా కత్తి జారకూడదు. చెట్టెక్కేవాడికీ, బండి నడిపేవాడికీ ఇది ప్రాణం సంగతి. పిడి కర్రదైతే మన ఎండలు దాన్ని వదులు చేస్తాయి. మే నెలలో కొత్తగూడెం వైపు 45 డిగ్రీలు దాటే వేడికి కర్ర ముడుచుకుంటుంది, వానలకు ఉబ్బుతుంది. లక్కతో బిగించిన పిడి ఎండలో పెట్టిన బండి డిక్కీలో ఊడి వచ్చేది ఇందుకే. రెండువైపులా చెక్కలు పెట్టి రివిట్లు కొట్టింది ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇంటికి తెచ్చాక పరీక్ష ఎలా? చేతి వెంట్రుకలు గీకి చూపించడం తమాషా, దాంతో తెలిసేది తక్కువ. ముందు కత్తి అంచును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. పదునైన అంచు కనపడదు. తెల్లగా మెరిసే చుక్క కనిపించిందంటే అక్కడ మొద్దుగా ఉందని అర్థం. తరువాత ఆకురాయిని అంచు మీద ఒకసారి, వీపు మీద ఒకసారి తేలికగా ఆడించండి. గాజు మీద జారినట్టు జారితే గట్టిగా ఉన్నట్టు, కొరికి పొడి రాల్చితే మెత్తన. కమ్మరి కత్తిలో అంచు జారి వీపు కొరికితే బెదరకండి, అది మంచి లక్షణమే. మూడోది, ఇత్తడి కడ్డీ మీద అంచును కొద్దిగా వాల్చి నొక్కండి. అంచు సన్నగా వంగడం కంటికి కనిపిస్తుంది. కడ్డీ తీశాక తిరిగి నిటారైతే వేడి పదును సరిగ్గా కుదిరినట్టు. వంగి అలాగే ఉంటే మెత్తన, పెచ్చు ఊడితే మరీ గట్టి. కొనకముందు దుకాణంలో ఈ పని చేస్తే తన్ని తరిమేస్తారు, ఇంటి దగ్గరే చేసుకోవాలి. ఆ తరువాత అసలు పని. తడిచేత్తో పట్టుకుని వేపకొమ్మ ఒకటి చెక్కుతూ పావుగంట కూర్చోండి. అరచేతిలో ఎక్కడ కందిందో అక్కడ పిడి తప్పుగా ఉంది. ఉక్కు పేరు చెప్పని నిజం అరచెయ్యి చెబుతుంది.

నూరడం రాకపోతే ఇదంతా వృథా. హార్డ్‌వేర్ కొట్లో రెండు ముఖాల కార్బోరండం రాయి దొరుకుతుంది, ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు. నీళ్ళు చల్లి, రాయిని తడి గోనెపట్టా మీద కదలకుండా పెట్టాలి. వాలు చదునుగా ఉన్న కత్తికి ఆ వాలే కొలత, రాయికి పూర్తిగా ఆనించి తోయడమే. మిగతావాటికి ఇరవై డిగ్రీల వంపు, అంటే వెడల్పు అంగుళం ఉన్న కత్తి వీపు రాయికి సుమారు అంగుళంలో మూడో వంతు ఎత్తున ఉంటే చాలు. ఒకవైపు నూరుతుంటే రెండోవైపు అంచు పొడవునా సన్నని గరుకు లేస్తుంది. గోటితో అడ్డంగా తడిమితే తెలుస్తుంది. అది మొదలు నుంచి మొన దాకా వచ్చేవరకూ వైపు మార్చొద్దు. నూటికి తొంభైమంది ఇక్కడే తొందరపడతారు. గరుకు వచ్చాక రెండోవైపు, తరువాత నునుపు ముఖం, చివర పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగుడు. రాయి అందుబాటులో లేనప్పుడు పింగాణీ కప్పు అడుగున మెరుగులేని వలయం మీద నాలుగు లాగుడులు లాగినా పూటకు పని జరుగుతుంది. మోటారు చక్రం తిప్పుకుంటూ వీధిలోకి వచ్చే సానవాళ్ళకు కత్తిపీట ఇవ్వండి, ఈ కత్తి ఇవ్వకండి. నిప్పురవ్వలు లేచాయంటే అంచు వేడెక్కింది.

నా తీర్పు ఇది. మొదటి కత్తికి మీ దగ్గర ఉన్న డబ్బులో మూడో వంతు రాయికి, ఒరకు తీసి పక్కన పెట్టండి. మిగిలినదానితో నాలుగు అంగుళాల, రెండున్నర మిల్లీమీటర్ల, తుప్పు పట్టని, సాదాగా కనిపించే కత్తి కొనండి. ఒక ఏడాది వాడాక చేతికి ఏం కావాలో తెలుస్తుంది, అప్పుడు కొలత గీసుకుని కొలిమి దగ్గరికి వెళ్ళండి. కల్లూరు, తల్లాడ, పెనుబల్లి వైపు కమ్మరి అన్నలకు ఒక మనవి. మచ్చుకత్తుల పక్కన ఇలాంటి సన్న కత్తులు నాలుగు కొట్టి, గడ్డిరంగు దగ్గర ఆపి, ఒరతో సహా అమ్మకానికి పెట్టి చూడండి. స్వీడన్ నుంచి తెప్పించుకుంటున్న కుర్రాళ్ళు మీ ఊళ్ళోనే ఉన్నారు.